ఇచ్చినవి కనపడని కొట్టు

మా అత్తయ్యని ఎవరో బుట్టలో వేసుకున్నారన్న అనుమానం నాకు మొదట ప్రెషర్ కుక్కర్ వల్ల వచ్చింది.

వానలు అప్పుడే పట్టుకున్నాయి. ఫ్యాక్టరీ నుంచి తడిసి ముద్దై ఇంటికొచ్చి వంటింట్లో పై అర చూస్తే, పెద్ద కుక్కర్ ఉండాల్సిన చోట గుండ్రటి జాడ మాత్రమే ఉంది. చుట్టూ దుమ్ము, మధ్యలో శుభ్రం. మా ఇంట్లో దొంగలు పడాలంటే ముందు వాళ్ళే ఏదో ఒకటి తెచ్చి పెట్టాలి, కాబట్టి నా ఆలోచన దొంగల మీదికి పోలేదు.

“కుక్కర్ ఏది అత్తయ్యా?”

ఆవిడ పాపకి జడ వేస్తోంది. తల ఎత్తలేదు. “ఇచ్చేశాను.”

“ఎవరికి?”

“ఆ చివర కొట్టుకి. నలుగురికి ఆ ఏనుగంత కుక్కర్ ఎందుకే? దించాలంటే నా మణికట్టు ఊడొస్తోంది.”

వీధి చివర మూతపడ్డ మందుల షాపులో ఆ మధ్యే ఒక కొట్టు తెరిచారు. మీకు అక్కర్లేనివి మాకివ్వండి అని గాజు తలుపు మీద రాసి ఉంటుంది. బట్టలు, గిన్నెలు, కుర్చీలు, పిల్లల బొమ్మలు, పనికొచ్చే స్థితిలో ఉన్నది ఏదైనా తీసుకుని తక్కువ ధరకి అమ్ముతారట. వచ్చినదానితో పెద్దాసుపత్రి పక్కన, రోగుల వెంట వచ్చినవాళ్ళు నడుం వాల్చడానికి ఒక వసతి నడుపుతారట. ఈ ‘ట’లన్నీ నావి. మా అత్తయ్య ఎవరేం చెప్పినా నిజమనే చెబుతుంది.

నేను బట్టల ఫ్యాక్టరీలో చెకర్‌ని. లైన్ మీంచి వచ్చిన ప్రతి చొక్కానీ తిరగేసి కుట్టు ఎక్కడ తప్పిందో పట్టుకోవడం నా పని. తప్పేమీ దొరకలేదంటే నేను సరిగ్గా చూడలేదని సూపర్‌వైజర్ అనుకుంటాడు. పొద్దస్తమానం ఆ కళ్ళతో చూసి, ఇంటికొచ్చాక కళ్ళు మార్చుకోమంటే ఎలా కుదురుతుంది?

పైగా అత్తయ్య సంగతి వేరు. మామయ్య పోయి అప్పటికి ఏడాది. ఆవిడ ఉండబట్టే పాప బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో మనిషి ఉంది, నేను ఉద్యోగానికి వెళ్ళగలుగుతున్నాను. అది లోకానికి చెప్పే కారణం. అసలు కారణం ఏమిటంటే, నాకు చిన్నప్పుడే అమ్మ పోయింది. ఈ ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచి నాకు జ్వరమొస్తే నుదుటి మీద పడిన చెయ్యి ఆవిడదే. ఆవిడ చేజారిపోతుందేమోనన్న భయం ఆ వానాకాలమంతా నా లోపల కూర్చునే ఉంది.

మర్నాడు ఫ్యాక్టరీ నుంచి నేరుగా ఆ కొట్టుకే వెళ్ళాను.

లోపల ఒకావిడ చొక్కాలకి చీటీలు కడుతోంది. నాకంటే పదేళ్ళు పెద్దదై ఉంటుంది. చేతులకి మోచేతుల దాకా పసుపు రంగు రబ్బరు గ్లౌజులు. వేలిముద్రలు పడకూడదని కాబోలు అనుకున్నాను. వీధిలో అందరూ ఆవిడని గ్లౌజుల మేడం అంటారు. అసలు పేరు ఎవరికీ తెలియకపోవడం కూడా నాకు నచ్చలేదు.

“నిన్న మా అత్తయ్య ఒక పెద్ద కుక్కర్ ఇచ్చారు. దాన్ని కొనుక్కుందామని వచ్చాను,” అన్నాను.

“ఇచ్చినదాన్ని మళ్ళీ కొనుక్కుంటారా?”

“మనసు మారింది.”

“ఇక్కడ లేదమ్మా.”

“అప్పుడే అమ్ముడుపోయిందా?”

“ఇక్కడ లేదు.”

“మరెక్కడుంది?”

ఆవిడ చీటీ దారం పళ్ళతో తెంపి, “వెళ్ళాల్సిన చోటికి వెళ్ళింది,” అంది.

ఈ మాట మనుషులు పోయినప్పుడు అంటారు. కుక్కర్ గురించి అనగా నేను వినలేదు. అరలన్నీ ఒక్కొక్కటే చూశాను. గిన్నెలున్నాయి, గడియారాలున్నాయి, మూత లేని ఫ్లాస్కులున్నాయి. మా వీధివాళ్ళు మోసుకెళ్ళిన వస్తువు మాత్రం ఒక్కటీ లేదు. ఎదురింటి టీచర్ గారి రాత బల్ల లేదు, మూలింటివాళ్ళ పిల్ల సైకిల్ లేదు. వెనక గదికి అడ్డంగా ముదురు రంగు తెర వేలాడుతోంది. నేను అటు ఒక అడుగు వేయగానే మేడం లేచి నిలబడింది.

“లోపలికి బయటివాళ్ళు రాకూడదమ్మా.”

“మా అత్తయ్య మీకు సాయానికి లోపలికి వస్తుందిగా?”

“ఆవిడ లోపలి మనిషి.”

బయటికొచ్చి పక్క సందులోంచి చూశాను. వెనక తలుపు దగ్గర ఒక వ్యాను ఆగి ఉంది. డ్రైవర్ వస్తువులు ఎక్కిస్తున్నాడు, వాటి మీద టార్పాలిన్ కప్పుతున్నాడు. వాన కోసమేనని అనుకోవచ్చు. నేను అనుకోలేదు.

ఆ సాయంత్రం మా ఆయనతో చెప్పాను. ఆయన బస్సు డిపోలో టైర్లు మారుస్తాడు. పంక్చర్ కానిదేదీ ఆయన దృష్టిలో సమస్య కాదు.

“పాత సామాను పోతే ఇల్లు తేలికవుతుంది. నీకెందుకు బాధ?” అన్నాడు.

“ముందు సామాను పోతుంది. తర్వాత ఎక్కడో సంతకం పెట్టమంటారు. మీ నాన్న పింఛను ఉంది కదా ఆవిడకి.”

“అమ్మ అంత అమాయకురాలా?”

“అమాయకురాలు కాదు. మంచిది. అది ఇంకా ప్రమాదం.”

ఆయన నవ్వి పడుకున్నాడు. నవ్వే మొగుడి మీద ఆధారపడితే పని జరగదని ఎర నేనే వేశాను. బీరువాలోంచి ఒక దుప్పటి తీసి, అంచు మడతలో లోపలి వైపు ఎర్రదారంతో చిన్న గుర్తు కుట్టాను. ఫ్యాక్టరీలో లోపమున్న బట్ట మీద వేసే గుర్తే అది. తెలిసినవాళ్ళకి తప్ప ఇంకొకరికి కనపడదు.

“దీన్ని కూడా కొట్టుకి ఇచ్చెయ్యండి అత్తయ్యా.”

ఆవిడ ముఖం విప్పారింది. “నువ్వూ ఇస్తున్నావా? మంచి దుప్పటే. చలికి ఎవరికో ఒకరికి కప్పుకోను పనికొస్తుంది.” దాన్ని ఒళ్ళో పెట్టుకుని చేత్తో నిమిరింది. నాకు కాస్త సిగ్గేసింది. కాని ఎర ఎరే.

తర్వాత రోజూ ఇంటికి వచ్చేటప్పుడు కొట్టులో దూరి దుప్పట్ల అర తిరగేసేదాన్ని. గ్లౌజుల మేడం నన్ను చూసేది, ఏమీ అనేది కాదు. ఎర్రదారం ఎక్కడా లేదు. ఆవిడ అమ్మకానికి పెట్టనూ లేదు, పారేయనూ లేదు. మరి ఏ సంతలో తేలుతున్నాయి మా వస్తువులు? నాకు ఇక సాక్ష్యం అక్కర్లేకపోయింది.

ఈలోగా అత్తయ్య అక్కడే ఎక్కువసేపు ఉండడం మొదలుపెట్టింది. పాప బడికి వెళ్ళగానే వెళ్ళిపోయేది. చీటీ దారం ముక్కలు బట్టలకి అంటుకుని ఇంటికొచ్చేది. కూనిరాగాలు తీసేది. మామయ్య పోయాక ఆవిడ గొంతులో రాగం వినడం అదే మొదలు, దానికి నేను సంతోషించాలి. నాకు ఇంకా భయమేసింది. ఒకరోజు ఆవిడ సంచి సర్దుతుంటే కొత్త తాళం చెవి ఒకటి బయటపడింది. నేను చూశానని తెలిసి దాన్ని గుప్పిట్లో దాచుకుంది.

“కొట్టు తాళం చెవా?” అన్నాను.

“ఆఁ, అలాంటిదే.”

అబద్ధం చెప్పడం చేతకాని మనిషి అబద్ధం చెబితే ఎంత ఘోరంగా ఉంటుందో అప్పుడు చూశాను. తాళాలు కూడా ఈవిడ మెడకే తగిలించారు, రేపు ఏదైనా పోతే దొంగ ఈవిడే అవుతుంది అనుకున్నాను.

మా పక్కింటావిడని వీధంతా రేడియో పిన్ని అంటారు. ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పక్కర్లేదు. ఆ ఆదివారం గోడ దగ్గర నిలబడి ఆవిడతో అన్నాను.

“పిన్నీ, మీతోనే అంటున్నాను, మీలోనే ఉంచుకోండి. ఆ కొట్టుకి మనం ఇచ్చింది ఒక్కటీ అక్కడ అమ్మరు. వెనక తలుపులోంచి వ్యానులో ఎటో తరలిస్తున్నారు.”

“అయ్యో, మా ఆయన కోట్లు ఇచ్చానే.”

“అవి ఇప్పుడు ఏ దళారి కొట్టులో వేలాడుతున్నాయో.”

పిన్ని తనలోనే ఉంచుకుంది, కాసేపు. ఆ వారం తిరక్కుండానే వీధిలో అందరూ సంచి పట్టుకుని అటు నడవడం మానేశారు. ఎవరూ గొడవపడలేదు, ఎవరూ అడగలేదు. ఇవ్వడం మానేశారంతే.

అత్తయ్య కూనిరాగాలు ఆగిపోయాయి.

“ఈ మధ్య మన వీధి నుంచి ఏమీ రావట్లేదే. ఏమైందంటావ్?” అని అడిగింది ఒకరోజు కూరలు తరుగుతూ.

“ఎవరింట్లో మాత్రం ఎంతుంటుంది అత్తయ్యా, ఊరికే ఇస్తూ పోవడానికి?”

“అది కాదే. వేచి ఉన్నవాళ్ళున్నారు.” ఇంకేదో చెప్పబోయి ఆగిపోయింది. నేను గుచ్చి అడగలేదు. నా మందు పనిచేస్తోంది, ఆవిడకి విరక్తి పుట్టి తనే మానేస్తుంది అనుకున్నాను.

అలా ఉండగా ఒకరోజు వానకి ఫ్యాక్టరీలో కరెంటు పోయింది. జనరేటరు కూడా మొరాయించడంతో మమ్మల్ని మధ్యాహ్నమే పంపేశారు. దొరికిన అవకాశం వదులుకునే రకం కాదు నేను. ఇంటికి పోకుండా కొట్టు వెనక సందులోకి వెళ్ళాను. వ్యాను లేదు. తలుపు ఓరగా వేసి ఉంది. తోసుకుని లోపలికి వెళ్ళాను.

గ్లౌజుల మేడం ఒక్కతే ఉంది, స్టూలు మీద కూర్చుని టిఫిన్ డబ్బాలోంచి తింటోంది. గ్లౌజులు తీసేసి ఉన్నాయి. చేతులు వేళ్ళ దాకా కాలిన మచ్చలతో ముడుచుకుని ఉన్నాయి. నేను చూసినా ఆవిడ చేతుల్ని దాచుకోలేదు.

“ఇవాళ ముందు తలుపు నచ్చలేదా?” అంది.

“మా దుప్పటి ఎక్కడుందో చెప్పండి. గుర్తు పెట్టి పంపాను.”

“ఎర్రదారమా? చూశాను. ఎవరో లెక్క చూసుకుంటున్నారని అనుకున్నాను.” డబ్బా పక్కన పెట్టింది. “వంతెన అవతల మాకింకో కొట్టుంది. ఇక్కడ ఇచ్చినవి అక్కడికి పంపుతాం, అక్కడ ఇచ్చినవి ఇక్కడ పెడతాం. మొదట్లో ఎక్కడివక్కడే అమ్మేవాళ్ళం. బళ్ళో ఒక పిల్ల గౌను చూసి ఇంకో పిల్ల, ‘అది నాదే, మా అమ్మ ఇచ్చేసింది’ అందట. గౌను వేసుకున్న పిల్ల మర్నాటి నుంచి బడికి రానంది. అప్పట్నుంచి ఈ పద్ధతి.”

“ఆ ముక్క బోర్డు మీద రాయొచ్చుగా?”

“రాస్తే అవతలి కొట్టుకెళ్ళి వెతుకుతారు. మీలాంటివాళ్ళు.”

నేను వెంటనే నమ్మేశానని కాదు. గదంతా కలియజూశాను. ఒక మూల దుప్పటి కప్పిన కుప్ప ఉంది, గోడ వారగా ఇంకొకటి. మంచివన్నీ ఏరి దాచుకున్నారు అనుకుని, ఆవిడ వద్దంటున్నా మొదటిదాని మీద దుప్పటి లాగాను. కింద ఏమీ లేదు, ఖాళీ పెట్టె తప్ప.

“నిన్ననే వెళ్ళింది అది,” అంది మేడం. “కొందరికి ఒక వస్తువు సరిపోదమ్మా. ఇల్లు కాలినవాళ్ళుంటారు, చేతిసంచితో బయటికొచ్చేసినవాళ్ళుంటారు. వాళ్ళకి గదికి కావాల్సినవన్నీ కూడబెట్టి ఒకేసారి పంపుతాం. ఉన్నవాళ్ళు నెల నెలా కొంత కట్టి తీసుకుంటారు, లేనివాళ్ళకి ఊరికే. ఏ గది ఎవరిదో బయటికి చెప్పం. నిన్న వెళ్ళింది పసిబిడ్డ తల్లిది. అన్నీ వచ్చాయి గాని మంచం రాలేదు. ఈ మధ్య మీ వీధి నుంచి అటు పోయేది లేకపోతే, అటు నుంచి ఇటు మాత్రం ఎలా వస్తుంది?”

నా ముఖం వైపే చూస్తూ అంది. ఆవిడకి తెలుసో తెలియదో నాకు ఇప్పటికీ తెలియదు.

“మరి మంచం లేకుండానే పంపారా?”

“లేదు. ఈ రెండో గదావిడ తనకని ఉంచిన మంచం తీసి ఇచ్చేసింది. నాకేం తొందర, ఆ పిల్ల బాలింత అంది.”

రెండో కుప్ప మీది దుప్పటి నేనే ఎత్తాను. ఒక పొట్టి పీట. పెద్ద అంకెల గడియారం. మెడ వంచే దీపం. ఒక కంచం, ఒక గ్లాసు. పైన చిన్న గిన్నె ఒకటి, దాని పిడికి మెత్తటి గుడ్డ చుట్టి, చివర లోపలికి దోపి, అడ్డంగా దారం కట్టి ఉంది. మా వంటింట్లో ప్రతి గిన్నెకీ ఉండే కట్టు అది. మణికట్టు నొప్పికి మా అత్తయ్య కనిపెట్టుకున్న కట్టు. వారానికోసారి విప్పి ఉతికేది నేనే.

“ఇది ఎవరి గది?”

“చెప్పం అన్నాగా.”

“ఆవిడ దగ్గరున్న తాళం చెవి కొట్టుది కాదా?”

“కొట్టు తాళాలు నా దగ్గరే ఉంటాయి.” మేడం లేచి దుప్పటి మళ్ళీ కప్పింది. “అడగాల్సింది నన్ను కాదమ్మా.”

ఇంట్లో అప్పటికి దండేలన్నీ గదిలోనే కట్టి ఉన్నాయి. వానకి ఆరని బట్టల మధ్య అత్తయ్య కూర్చుని పాప సాక్సులు జతలు కడుతోంది. నేను ఎదురుగా కూర్చుని ఒక సాక్సు చేతిలోకి తీసుకున్నాను.

“ఎవరేమన్నారు అత్తయ్యా? నేనేమైనా అన్నానా?”

ఆవిడకి వెంటనే అర్థమైంది. “ఎవరూ ఏమీ అనలేదే. అని ఉంటే పోట్లాడి ఇక్కడే ఉండేదాన్ని.”

“మరి?”

“పుట్టింట్లో అక్కచెల్లెళ్ళ మధ్య పడుకున్నాను. పెళ్ళయ్యాక మీ మామయ్య గురక. ఆయన పోయాక పాప కాళ్ళు. నా అంతట నేను ఒక గదిలో దీపం ఆర్పుకుని పడుకుంది లేదే ఇంతవరకు. మామయ్య పింఛనుకి సరిపోయే గది దొరికింది, బడి దారిలోనే. ఉండి చూద్దామనిపించింది.”

“ఎన్నాళ్ళు?”

“ఉంటే గాని తెలీదుగా.”

“మీ అబ్బాయికి చెప్పారా?”

“వాడికి చెప్తే నీకు చెప్తాడు. నీకు తెలిస్తే ఏడుస్తావు.”

“నేనేం ఏడవను,” అన్నాను, ఏడుస్తూనే. “ఇక్కడ మీకు ఏం తక్కువైంది?”

“ఏమీ తక్కువ కాలేదు. అన్నీ ఎక్కువే.” చేతిలో సాక్సు పక్కన పెట్టి నా తల దగ్గరికి తీసుకుంది. “పాప బడి నుంచి నా దగ్గరికే వస్తుంది. నువ్వు ఫ్యాక్టరీ నుంచి వస్తూ తీసుకెళ్తావ్. నీ ఉద్యోగానికేం ఢోకా లేదు.”

ఉద్యోగం గురించి కాదని ఆవిడకి తెలుసు, నాకూ తెలుసు.

“అయితే మన మంచం పట్టుకెళ్ళండి. బీరువా కూడా. పరాయివాళ్ళ సామాను మీకెందుకు?”

“వద్దే. ఇక్కడివి పట్టుకెళ్తే అది మన ఇంటికి ఇంకో గది అవుతుంది, కాస్త దూరంగా. నాకది కాదు కావాల్సింది. మంచం ఒక్కటే తక్కువ. నేల మీద పడుకుంటే ఈ మోకాళ్ళతో లేవలేను. వస్తుందిలే ఎప్పటికో.”

రాదని నాకు తెలుసు. రాకుండా ఆపింది నా నోరే. ఇప్పుడు దాన్ని అలాగే మూసుకుని కూర్చుంటే చాలు, అత్తయ్య ఇంట్లోనే ఉంటుంది. ఇంత చౌకగా నాకు ఏదీ ఎప్పుడూ దొరకలేదు. మా ఆయనకి విషయం చెబితే, “మంచం దొరక్కపోవడమే మంచిదిలే,” అని అటు తిరిగి పడుకున్నాడు. మొదటిసారి మొగుడి మాట నా మాట ఒకటయ్యాయి.

కొన్నాళ్ళు అలాగే గడిచాయి. ఫ్యాక్టరీ నుంచి వస్తే వేడి టీ, పాప నవ్వులు, అంతా మామూలే. అత్తయ్య మంచం మాట మళ్ళీ ఎత్తలేదు. ఒక సాయంత్రం నేను వంటింట్లోకి వెళ్ళేసరికి ఆవిడ గోడ మేకు దగ్గర నిలబడి ఉంది. ఆ కొత్త తాళం చెవి మా ఇంటి తాళాల పక్కన తగిలించి, కాసేపు చూసి, పాలు కాచడానికి వెళ్ళిపోయింది. ఇక దాచుకోవాల్సిన అవసరం లేదనుకుందో, ఇక అవసరమే లేదనుకుందో. నాకు గెలిచినట్టు ఉండాలి. లేదు.

తాగని టీ గ్లాసు పక్కన పెట్టి చెప్పులేసుకుని పక్కింటికి వెళ్ళాను. రేడియో పిన్ని వాళ్ళ వసారాలో, వాళ్ళాయన కాలు విరిగినప్పుడు కొన్న మడతమంచం గోడకి ఆనించి ఉంది.

“పిన్నీ, ఆ మంచం వాడట్లేదుగా. కొట్టుకి ఇచ్చెయ్యండి.”

“ఏ కొట్టుకి? వాళ్ళు దొంగలన్నావ్?”

“అన్నాను. వెళ్ళి చూసొచ్చాను. కాదు.”

“పూర్తిగా కాదా?”

“ఆ మేడం మీద నాకింకా గురి కుదర్లేదు. కొట్టు మీద కుదిరింది.” పద్ధతి అంతా చెప్పాను, వంతెన అవతలి కొట్టు, గౌను పిల్ల, పసిబిడ్డ తల్లి మంచం. రెండో గది సంగతి చెప్పలేదు.

పిన్ని మంచం కేసి చూసి, నా కేసి చూసింది. “ఇప్పుడింత హడావిడిగా వచ్చావ్. ఎవరికోసమే?”

“అది నాకూ తెలీదు, మీకూ తెలియక్కర్లేదు. అదే పద్ధతి.”

“సరే గాని, ఈ మాట కూడా నాలోనే ఉంచుకోవాలా?”

“వద్దు పిన్నీ. ఇది అందరికీ చెప్పండి.”

చెడ్డమాట కంటే మంచిమాట నెమ్మదిగా నడుస్తుంది గాని, పిన్ని చేతిలో పడితే అదీ పరిగెత్తింది. ముందు టీచర్ గారు పుస్తకాల అర ఇచ్చారు. తర్వాత మూలింటివాళ్ళు పరుపు. తెరిపి ఇచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు సంచులు మోసుకుంటూ అటు నడిచేవారు. పిన్ని మడతమంచంతో సహా వ్యాను నిండి వంతెన దాటింది. తిరిగొచ్చేటప్పుడు అవతలి వీధుల సామానుతో పాటు ఒక చెక్క మంచం తెచ్చింది.

అత్తయ్య వెళ్ళిన రోజు మా ఆయన డిపోకి సెలవు పెట్టి, ఏ సాయమూ చేయకుండా వసారాలో కూర్చున్నాడు. “నువ్వే పంపించావ్,” అన్నాడు నాతో, ఆవిడ వినకుండా. అది అబద్ధం కాదు. ఆయన అన్నది ఆయనతో ఆగలేదు. కోడలు అత్తని ఊరివాళ్ళ పాత సామానిచ్చి సాగనంపిందని వీధిలో అనుకోవడం మొదలైంది. నేను గోడ దగ్గరికి వస్తే మాటలు ఆగిపోయేవి. పిన్ని ఒకసారి నా చెయ్యి పట్టుకుని, “నిజం నాతోనైనా చెప్పవే, ఏమైంది మీ ఇద్దరికీ?” అంది. ఏమీ కాలేదు పిన్నీ అన్నాను. ఆవిడ నమ్మలేదు. ఆవిడ స్థానంలో ఉంటే నేనూ నమ్మను.

పాపని తీసుకురావడానికి మా ఆయనే వెళ్ళొచ్చేవాడు. నేను వెళ్ళలేదు. వెళ్తే వెనక్కి లాక్కొచ్చేస్తానని నా భయం. వానలు వెనకపట్టాక ఒక ఆదివారం వెళ్ళాను.

మేడ మీద చివరి గది. తలుపు వేసి ఉంది. మా ఇంట్లో ఆవిడ గదికి తలుపు వెయ్యడం నేను ఎప్పుడూ ఎరగను. వేలితో కొట్టాను.

“ఎవరూ?”

“నేను.”

“నేనంటే?”

కోడలినని చెప్పడానికి నాకు కాస్త సమయం పట్టింది. తలుపు తీసి, నన్ను చూసి, పెద్దగా నవ్వి లోపలికి లాగింది. నేను ముందు కుశలం అడగలేదు. మంచం ఊపి చూశాను, కిటికీ గడి చూశాను, గోడకి చెమ్మ ఉందేమోనని అరచెయ్యి ఆనించాను. అత్తయ్య మంచం మీద కూర్చుని నా తనిఖీ అయ్యేదాకా ఓపిగ్గా ఊరుకుంది.

“ఏం దొరికింది?”

“తలుపు కింద సందుంది. పురుగూ పుట్రా వస్తాయి.”

“చెబుతాలే ఇంటావిడకి.”

“నిద్ర పడుతోందా?”

“మొదట్లో పట్టలేదు. పాప కాలు తగలట్లేదని మెలకువొచ్చేది.” కిటికీ వైపు చూసింది. “ఇప్పుడు పడుతోంది.”

రమ్మని అడగాలని దారంతా అనుకుంటూ వచ్చాను. ఎలా అడగాలో కూడా సిద్ధం చేసుకున్నాను. ఆవిడ ముఖం చూశాక ఆ మాట నోటిదాకా రాలేదు. ఏవో ఫ్యాక్టరీ కబుర్లు చెప్పి, టీ తాగి లేచాను. బయట మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. అత్తయ్య తలుపు వెనక నుంచి ఒక నల్ల గొడుగు తీసి ఇచ్చింది.

“రేపు తెచ్చి ఇచ్చెయ్యి. అది నాది.”

ఇన్నేళ్ళలో ఆవిడ నోట మనది అన్న మాట తప్ప ఇంకోటి వినలేదు నేను. మన కుక్కర్, మన దుప్పటి, మన పాప. చివరికి మామయ్య కళ్ళజోడు కూడా మన కళ్ళజోడే. నేను గొడుగు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాను.

“తెస్తాను అత్తయ్యా,” అన్నాను. మర్నాడు వాన లేదు. ఫ్యాక్టరీ నుంచి ఇంటికి పోకుండా ముందు అటే వెళ్ళి, తలుపు కొట్టి, ఎవరని అడిగేదాకా ఆగి, ఇచ్చి వచ్చాను.